పికప్‌కి 22 అంగుళాల చక్రాలు: స్టిక్కర్ అంకె మేలా, టైరు మీది అంకె మేలా?

టెక్సస్‌లో మనవాళ్లు కొందరు ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్న నెలకే కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల చక్రాలు పీకేసి 22 వేయిస్తున్నారు. అందం సంగతి సరే, గాలి ఎంత కొట్టాలి అనే దగ్గర మాత్రం తలో మాట. డ్రైవర్ డోరు తీస్తే కనబడే స్టిక్కర్ 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అంటుంది, టైరు సైడ్‌వాల్, అంటే పక్క గోడ మీద 50 అని ఉంటుంది, బండ్ల పిచ్చి ఉన్న ఫ్రెండ్ ఒకడు సుద్దముక్క పట్టుకుని వస్తాడు. నా ఓటు ఈ మూడింటికీ కాదు, టైరు కంపెనీ ఇచ్చే లోడ్ టేబుల్‌కి, అంటే ఎంత గాలికి ఎంత బరువు మోస్తుందో చెప్పే పట్టికకి.

బండి ఫ్యాక్టరీ నుంచే 22 చక్రాలతో వచ్చి ఉంటే మాత్రం ఈ గొడవే లేదు, స్టిక్కర్ మీద ఉన్నంత కొట్టించుకుని హాయిగా తిరగండి.

స్టిక్కర్‌లో గాలి అంకె పక్కనే టైరు సైజు కూడా రాసి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. అక్కడ 275/65 ఆర్ 18 (వెడల్పు మిల్లీమీటర్లలో, సైడ్‌వాల్ ఎత్తు అందులో ఎంత శాతమో, చక్రం అంగుళాల్లో) అని ఉండి, కింద తిరుగుతున్నది 285/45 ఆర్ 22 అయితే ఆ 35 మీ టైరుది కాదు. రెండు టైర్ల మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, స్పీడోమీటర్‌లో కూడా తేడా తెలీదు, అందుకే అంతా మామూలే అనుకుంటాం. కానీ సైడ్‌వాల్ 179 మిల్లీమీటర్ల నుంచి 128కి పడిపోయింది, లోపల గాలికి చోటు తగ్గింది, బరువు మోసేదేమో ఆ గాలే. పాత టైరు లోడ్ ఇండెక్స్, అంటే ఎంత మోయగలదో చెప్పే కోడు, 116, అంటే 1250 కిలోలు, అదీ 35 దగ్గరే. కొత్తది ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) రకమైతే సాధారణంగా 114, అంటే 1180 కిలోలు, కానీ 42 కొడితేనే. అందులో 35తో సరిపెడితే మోసేది సుమారు వెయ్యి కిలోల దగ్గరికి దిగిపోతుంది. పైగా ఇలాంటి కార్ల తరహా టైర్లు పికప్‌కి వేసినప్పుడు ఆ లెక్కని మళ్లీ 1.1తో భాగించాలి. ఖాళీ బండితో ఆఫీసుకి వెళ్లి వస్తే ఏమీ కాదు. కానీ పికప్ ఉన్నవాడికి తెలిసిన ప్రతివాడూ ఇల్లు మారేటప్పుడు ఫోన్ చేస్తాడు కదా, సోఫాలూ ఫ్రిజ్జూ ఎక్కించి జూలై ఎండలో హైవే మీద గంటన్నర తోలితే సైడ్‌వాల్ నలిగి నలిగి వేడెక్కేది అప్పుడే.

అలాగని 50 కొట్టేయడం ఇంకో తెలివితక్కువ పని. అది టైరు తట్టుకునే హద్దు, కొట్టమని చెప్పిన లెక్క కాదు. 42 దాటాక ఎంత కొట్టినా రాసిన బరువు కన్నా ఒక్క కిలో ఎక్కువ మోయదు. గుంతలో పడ్డప్పుడు రిమ్ము కాస్త బతుకుతుంది అంటారు, అందులో కొంత నిజం ఉంది, కానీ టైరు మధ్యలో అరిగిపోతుంది, వానలో పట్టు తగ్గుతుంది, ఖాళీ బండి వెనకభాగం ఎగిరెగిరి పడుతుంది.

సుద్ద పద్ధతి నాకూ ఇష్టమే. టైరుకి అడ్డంగా అంచు నుంచి అంచుకి గీత గీసి, తిన్నగా కొంత దూరం పోనిచ్చి చూడాలి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. చిక్కేంటంటే ఇది చూపించేది టైరు నేలకి ఎలా ఆనుతోంది అన్నదే, ఎంత మోయగలదో దానికేం తెలుసు? ఖాళీ పికప్ వెనక టైరుకి సుద్ద పెడితే 30 బ్రహ్మాండం అని చెప్తుంది. అది నమ్మి రేపు ట్రైలర్ తగిలించారంటే గోవిందా.

ఈ సైజు ఎక్స్‌ఎల్ టైరుకైతే రోజువారీ 40, బెడ్ (వెనక సామాను తొట్టి) నిండితే లేదా ట్రైలర్ ఉంటే వెనక 42, అన్నీ చల్లటి టైరు మీద, అంటే పొద్దున బండి తీయకముందు కొలిచినవి. అంతకు మించి బరువుంటే గాలి పెంచి లాభం లేదు, సామాను తగ్గించండి, లేదా గ్యారేజీలో మూలన పడేసిన 18 చక్రాలు మళ్లీ వేయించండి. వేరే సైజు వేయించి ఉంటే ఈ అంకెలు పనికిరావు, ఆ సైజు టేబుల్ చూడాల్సిందే.

గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుందిలే అని మాత్రం ధీమాగా ఉండకండి. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి కార్లకూ మామూలు పికప్‌లకూ ఈ లైటు తప్పనిసరి, కానీ అది వెలగాల్సింది స్టిక్కర్ అంకె కన్నా 25 శాతం పడిపోయాక. స్టిక్కర్ 35 అయితే సుమారు 26 దగ్గర అన్నమాట. మీరు 40 పెట్టుకున్న టైరు 14 పీఎస్‌ఐ పోగొట్టుకునే దాకా అది నోరు మెదపకపోవచ్చు. మంచి గేజ్ ఒకటి కొని డోరు అరలో పడేయండి. 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడితే సుమారు 1 పీఎస్‌ఐ పోతుంది, డాలస్‌లో చలిగాలి దిగిన రాత్రి 75 నుంచి 35కి వచ్చేస్తే 4 పోయినట్టే, మర్నాడు పొద్దున్నే చూసుకోవాలి. హైవే దిగగానే కొలిచి 45 ఉందని కంగారుపడి గాలి తీసేవాళ్లూ ఉన్నారు, వేడికి నాలుగైదు పెరగడం మామూలే, వదిలేయండి.