55 అంగుళాల్లో మన సినిమాలు: ఏవి నిలబడతాయి, ఏవి తేలిపోతాయి

55 అంగుళాల 4కె ఎల్‌ఈడీ టీవీ, దాని కింద 3.1 సౌండ్‌బార్, ఫైబర్ నెట్, నెల్లూరులో గ్రానైట్ నేల, పడమటి కిటికీ ఉన్న మామూలు హాలు. కొన్నేళ్లుగా సినిమాలన్నీ వీటి మీదే. అందుకని ఇందులో టీవీ సంగతీ సినిమాల సంగతీ కలిసిపోయి ఉంటాయి. తీర్పు ముందే చెప్పేస్తా: నలుపు తెలుపు సినిమాలు, మాటల మీద నడిచే చిన్న సినిమాలు ఇంట్లో బ్రహ్మాండంగా ఉంటాయి. స్కోపులో, అంటే బాగా వెడల్పు ఫ్రేములో తీసిన భారీ సినిమాలు సగం తేలిపోతాయి. రెంటినీ పాడుచేసేవి మాత్రం టీవీ కొన్నరోజు ఎలా ఉన్నాయో అలాగే వదిలేసిన సెట్టింగులు.

ఇంట్లో టీవీ బాగుందా లేదా అని తేల్చడానికి నేను పెట్టేది 1957 నాటి ‘మాయాబజార్’. రంగుల సినిమాలో తప్పు రంగులో దాక్కుంటుంది, నలుపు తెలుపులో దాక్కోడానికి చోటుండదు. షోరూములో జిగేల్‌మనడానికి కంపెనీలు వివిడ్ మోడ్, కూల్ కలర్ పెట్టి పంపుతాయి. దాంతో తెలుపంతా నీలం కొడుతుంది, శశిరేఖ చీర ట్యూబులైటు కింద ఆరేసినట్టు ఉంటుంది. పిక్చర్ మోడ్‌ని సినిమాకో, ఉంటే ఫిలింమేకర్ మోడ్‌కో మార్చి, కలర్ టెంపరేచర్ వార్మ్‌లో పెట్టాలి. మొదట పసుపు అనిపిస్తుంది, పది నిమిషాల్లో కన్ను సర్దుకుంటుంది. తర్వాత డైనమిక్ కాంట్రాస్ట్ ఆఫ్. ‘లాహిరి లాహిరి’ పాటలో మార్కస్ బార్‌ట్లీ కెమెరాతోనే వెన్నెల పుట్టించాడు. నీటి మీద తళుకు, పడవ అంచు, వెనకున్న చీకటి మూడూ మూడు రకాల బూడిద రంగులు. డైనమిక్ కాంట్రాస్ట్ ఆన్‌లో ఉంటే వెనక చీకటంతా ఒకే మసిగుడ్డ అయిపోతుంది.

నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి. ఫిల్ములో కనిపించే సన్నటి రేణువుల్ని అది మచ్చలనుకుని తుడిచేస్తుంది, వాటితోపాటు ఎస్వీ రంగారావు ముఖం మీది గీతల్నీ తుడిచేస్తుంది. షార్ప్‌నెస్ చాలా టీవీల్లో సున్నాకు దగ్గరగా ఉంటేనే మంచిది. సోనీలో మాత్రం 50 దగ్గర ఉంటే అసలు బొమ్మ ఉన్నట్టు వస్తుంది, అక్కడ సున్నా పెడితే మసకబారుతుంది. రాత్రి బ్యాక్‌లైట్ తగ్గించుకోండి గానీ బ్రైట్‌నెస్ జోలికి పోవద్దు. చాలా టీవీల్లో బ్యాక్‌లైట్ వెలుగుని మారుస్తుంది, బ్రైట్‌నెస్ నలుపు ఎంత నల్లగా ఉండాలో మారుస్తుంది. పేర్లు చూసి రెండూ ఒకటే అనుకుంటారు.

2010లో వచ్చిన రంగుల మాయాబజార్ సంగతి. రంగులద్ది, వెడల్పు తెరకు మార్చి, శబ్దాన్ని డీటీఎస్‌కి తెచ్చారు. పిల్లలకు మొదటిసారి చూపించడానికి అది చాలు. కానీ దాదాపు చదరంగా ఉన్న ఫ్రేముని వెడల్పు చేస్తే పైనా కిందా కోత పడక తప్పదు. కె.వి.రెడ్డి మనుషుల్ని నిలువెత్తున నిలబెట్టి తీసే దర్శకుడు. చిన్నమయ వేషంలో మన నెల్లూరు జిల్లా రమణారెడ్డి ఉంటాడే, ఆ సన్నటి శరీరం అంతా కనిపిస్తేనే నవ్వొస్తుంది. నా ఓటు నలుపు తెలుపుకే.

ఫ్రేము కొలతల దగ్గరే చాలా ఇళ్లలో తప్పు జరుగుతోంది. 55 అంగుళాల తెర వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68.5. పాత సినిమాల ఫ్రేము 1.37కి 1. దాన్ని సరిగ్గా పెడితే బొమ్మ 94 సెంటీమీటర్ల వెడల్పే వస్తుంది, అటూ ఇటూ 14 సెంటీమీటర్ల చొప్పున నల్లగా మిగులుతుంది. ఆ నలుపు చూసి ‘డబ్బు పెట్టి కొన్న తెర వృథా’ అని సాగదీసేస్తారు. సావిత్రమ్మ ముఖం వెడల్పవుతుంది. బొమ్మ సాగిందో లేదో తెలియాలంటే నుదుటి బొట్టు చూడండి. గుండ్రంగా ఉంటే సరే, అడ్డంగా అండాకారంలో ఉంటే సాగినట్టు. టీవీ సెట్టింగుల్లో ఒరిజినల్ అనో జస్ట్ స్కాన్ అనో ఉన్నది ఎంచుకుంటే చాలు. యూట్యూబులోకి ఎక్కించినవాళ్లే సాగదీసి ఎక్కించిన సినిమాలు బోలెడు. వాటికి టీవీ యాప్‌లో మందు లేదు. ఆ ఫైలు మీ దగ్గరుంటే కంప్యూటరు నుంచి హెచ్‌డీఎంఐలో పెట్టి, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరులో యాస్పెక్ట్ రేషియో (వెడల్పు ఎత్తుల నిష్పత్తి) 4:3 ఎంచుకోవాలి.

ఇంకో జబ్బు వేగం. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో. మన టీవీ ఛానళ్ల పద్ధతి 25. పాత వీసీడీ, డీవీడీ, ఛానల్ టేపుల నుంచి తీసి ఎక్కించిన సినిమాల్లో చాలావాటికి 24ని 25 చేసి నడిపించేశారు. అంటే నాలుగు శాతం వేగం, మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. నిడివి పోతే పోయింది, శ్రుతి కూడా సెమిటోన్‌లో (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య తేడా) ముప్పాతిక దాకా పైకెక్కుతుంది. 1951 ‘మల్లీశ్వరి’లో భానుమతి పాడుతుంటే ఇది చెవికి తెలిసిపోతుంది. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన ఆవిడ గొంతులో ఉండే బరువు పోయి, ఎవరో పలచటి గొంతుతో అనుకరిస్తున్నట్టు ఉంటుంది. పరీక్ష తేలిక. ఫోనులో పాటల యాప్‌లో అదే పాట పెట్టి, సినిమాతో ఒకేసారి మొదలుపెట్టండి. మూడు నిమిషాల పాటకు సినిమా ఏడు సెకన్లు ముందు ముగిస్తే వేగం పెంచిన ప్రింటే. యూట్యూబులో స్పీడు 0.95కి తగ్గిస్తే నిడివి సర్దుకుంటుంది, శ్రుతి సర్దుకోదు. అది గొంతు మారకుండా వేగం మార్చే పద్ధతి. వీఎల్‌సీలో ఆడియో ప్రిఫరెన్సుల్లో టైమ్ స్ట్రెచింగ్ టిక్కు తీసేసి 0.96 పెడితే రెండూ దిగుతాయి. అదే ప్రింట్లలో మనిషి కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. దానికి వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్ యాడిఫ్ పెట్టండి, పోతాయి.

స్కోపుకి వద్దాం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974 ‘అల్లూరి సీతారామరాజు’, కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. స్కోపు బొమ్మ మన 55 అంగుళాల టీవీ మీద 52 సెంటీమీటర్ల ఎత్తే వస్తుంది. పైనా కిందా నల్లపట్టీలు ఎనిమిదేసి సెంటీమీటర్లు. ‘తెర నింపు’ అని జూమ్ చేస్తే పక్కలు పోతాయి: 2.35 ఫ్రేముని 16:9లో నింపితే దాదాపు పాతిక శాతం, పాత 4:3లో నింపితే నలభై శాతానికి పైగా. ఒకప్పుడు కేబుల్లో ఈ సినిమా చూసినవాళ్లు చూసింది సగం సినిమానే. కొండ ఒకవైపు, మనిషి ఇంకోవైపు పెట్టిన ఫ్రేములో ఎవరో ఒకరు గోడకవతల ఉండిపోతారు. పట్టీలతోనే చూడండి, లైట్లు ఆర్పితే పట్టీలు కళ్లకు ఆనవు. కానీ ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి, పట్టీలతో చూసినా ఆ కొండలు ఇంట్లో గుట్టల్లాగే ఉంటాయి.

‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ లాంటివాటికి స్కోపు చిన్నదవడం కన్నా పెద్ద శత్రువు మోషన్ స్మూతింగ్. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని టీవీ సొంతంగా పుట్టిస్తుంది. కోట్లు పెట్టి తీసిన యుద్ధం డైలీ సీరియల్లో జరుగుతున్నట్టు ఉంటుంది, గ్రాఫిక్సు ఎక్కడ అతికించారో కూడా కనబడుతుంది. క్రికెట్‌కి ఉంచుకోండి, సినిమాకు ఆపేయండి. ఆపేశాక కెమెరా పక్కకు తిరిగినప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. 24ని 60 హెర్ట్జ్ తెరలో సర్దడం వల్ల ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపించాల్సి వస్తుంది, ఆ ఎగుడుదిగుడు అది. 120 హెర్ట్జ్ టీవీల్లో ఈ బాధ ఉండదు, 120ని 24 సరిగ్గా భాగిస్తుంది.

ఇక శబ్దం. ‘డైలాగు వినపడదు, ఫైటొస్తే పక్కింటోళ్లు లేస్తారు’ అని అనని ఇల్లు లేదు. థియేటరు కోసం కలిపిన 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్) మాటలు దాదాపుగా మధ్య స్పీకర్లోనే ఉంటాయి. టీవీలో ఉన్నవి రెండే స్పీకర్లు, అవీ కిందికో గోడవైపుకో చూస్తుంటాయి. అన్నింటినీ ఆ రెండింట్లోకి కుక్కితే ముందుగా నలిగేది మాటే. అందుకే 2.1 సౌండ్‌బార్ కొని నిరాశపడేవాళ్లు ఎక్కువ. అందులో వూఫర్ వస్తుంది, మధ్య స్పీకర్ రాదు. కొంటే మధ్య స్పీకరు కూడా ఉండే 3.1 కొనండి. సెంటర్ లెవెల్ రెండు మూడు మెట్లు పెంచి, వూఫర్ అంతే తగ్గించండి. రాత్రిపూట, పెద్ద చప్పుళ్లని అణిచే నైట్ మోడ్ ఆన్. సౌండ్‌బార్ లేనివాళ్లు యాప్‌లో ఆడియో మెనూ తెరిచి, ‘తెలుగు 5.1’, ‘తెలుగు’ అని రెండుంటే ఉత్త తెలుగు ఎంచుకోండి. సగం బాధ అక్కడే తీరుతుంది.

కనెక్షన్ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, వేరే పోర్టులో పెడితే శబ్దం రాదు. బ్లూటూత్‌తో కలిపితే మాట పెదవి కన్నా వెనక పడుతుంది. పెదవులు కలిసే అక్షరాలు ప, బ, మ దగ్గర చూస్తే ఎంత వెనకో దొరికిపోతుంది. అయితే మన సినిమాల్లో ఎక్కువ భాగం డబ్బింగే, సినిమాలోనే తేడా ఉండొచ్చు. పరీక్షకు సింక్ సౌండుతో (షూటింగులోనే మాటలు రికార్డు చేసి) తీసిన ‘పెళ్లిచూపులు’ లాంటిది పెట్టుకోండి. శబ్దం ముందొస్తే సౌండ్‌బార్లో డిలే పెంచితే సరిపోతుంది. వెనకొస్తే డిలే పెంచి లాభంలేదు, టీవీలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎంకి మార్చి చూడాలి. దానివల్ల 5.1 కాస్తా స్టీరియో అయిపోతుంది. రెండింట్లో ఏది భరించగలరో అది.

గ్రానైట్ నేల, సున్నం గోడలు, ఖాళీ హాలు అయితే ఎంత మంచి బార్ అయినా మోగుతుంది. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. చివర ‘ట్రింగ్’మని సాగితే మాట కూడా అలాగే సాగుతోందని. కిటికీకి మందం పరదా, సోఫా ముందు జంపఖానా, ఈ రెండింటితోనే చాలా తగ్గుతుంది. పరదా సాయంత్రం ఎండనీ ఆపుతుంది. బార్‌ని షెల్ఫు లోపలికి తోయకుండా అంచుకు జరపండి, వూఫర్‌ని మూలలోంచి అడుగైనా ఇవతలికి లాగండి. ఏప్రిల్, మే నెలల్లో ఐదో నంబరు మీద తిరిగే ఫ్యానుకి మాత్రం ఏ సెట్టింగూ లేదు. నెల్లూరులో, ఒంగోలులో ఫ్యాను ఆపి సినిమా చూడమని చెప్పే ధైర్యం నాకు లేదబ్బా.

‘శంకరాభరణం’ చూసేప్పుడు సౌండ్‌బార్లో సరౌండ్, 3డీ లాంటివన్నీ ఆపాలి. అది మోనో కాలపు సినిమా. ఒకేచోటి నుంచి రావలసిన బాలు గొంతుని ఆ మోడ్లు గదంతా చిమ్మి, బావిలో పాడినట్టు చేస్తాయి. స్టాండర్డ్‌లోనో మ్యూజిక్‌లోనో పెట్టండి. ఇంకా బాగుండాలంటే హెడ్‌ఫోన్లు.

ఇంటికోసమే తీసినట్టుండేది ఉదయగిరి సింగీతం వారి ‘పుష్పక విమానం’, 1987. మాటలే లేవు కాబట్టి వినపడలేదన్న గొడవా లేదు, భాష గొడవా లేదు. ఒక్క జాగ్రత్త: నైట్ మోడ్ ఆపాలి. చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు తేడా మీదే అందులో హాస్యం నిలబడుతుంది, నైట్ మోడ్ ఆ తేడానే చెరిపేస్తుంది. ఆయనదే ‘ఆదిత్య 369’ పాజ్ బటన్ చేతిలో పెట్టుకుని చూడండి. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు ఛాయాగ్రాహకులు పంచుకున్న సినిమా అది. రాయల కాలానికీ, వర్తమానానికీ, భవిష్యత్తుకీ వెలుగు ఎలా మారిందో పక్కపక్కన ఆపి పోల్చుకోవడం థియేటర్లో కుదిరేది కాదు.

నెట్ గురించి రెండు ముక్కలు. నెట్‌ఫ్లిక్స్ 4కెకి అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. వంద ఎంబీపీఎస్ ప్లాను ఉన్నా బొమ్మ మసకగా ఉందంటే తప్పు చాలాసార్లు వైఫైది. 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, మధ్యలో రెండు గోడలుంటే ల్యాన్ వైరే లాగండి. చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో వైడ్‌వైన్ ఎల్1 (హెచ్‌డీ బొమ్మ ఇవ్వడానికి యాప్‌లు అడిగే కాపీ రక్షణ స్థాయి) ఉందో లేదో అడిగి కొనండి. ఎల్3 అయితే చాలా యాప్‌లు ఎస్‌డీకి మించి ఇవ్వవు, నెట్ ఎంతున్నా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు. గట్టివాన పడితే డీటీహెచ్ సిగ్నలు పోతుంది, ఫైబరు తీగ తెగకపోతే నడుస్తుంది. రౌటర్‌కి విడిగా చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ క్షణంలో నెట్ తెగదు. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయితే సౌండ్‌బార్ గుయ్యిమంటుంది, సైన్ వేవ్‌ది తీసుకోండి.

భారీ సినిమాలకు నేను ఇంకా ఇంటిని నమ్మను. చెన్నై రోడ్డులో సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వి-ఎపిక్ థియేటరు తెర వెడల్పు 106 అడుగులు. 2022 విభజనలో ఊరు తిరుపతి జిల్లాకు పోయింది గానీ రోడ్డు అదే. అలాంటివాటిని ఇంట్లో రెండోసారికి ఉంచుకోవడం మేలు. ఆ రెండోసారి ఏ యాప్‌లో చూస్తున్నారో కూడా చూసుకోండి. ఆర్ఆర్ఆర్ ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. హిందీలో భీముడి మాటలు వింటూ సబ్‌టైటిళ్లు చదువుకునే కన్నా ఇంకో యాప్ వెతుక్కోవడం నయం.