చలవ టీ కోసం హాంకాంగ్, గ్వాంగ్‌ఝౌ: ఎక్కడ తాగాలి, ఎక్కడ దిగాలి

మనం "వేడి చేసింది" అంటామే, ఆ మాట హాంకాంగ్, గ్వాంగ్‌ఝౌల్లో మాట్లాడే కాంటనీస్‌లో అచ్చంగా ఉంది: యిట్ హెయ్. నోటి పూత, గొంతు మంట, మొహం మీద కురుపులు, వేపుళ్లు తిన్న మర్నాటి చికాకు, అన్నిటికీ గ్వాంగ్‌డాంగ్ (గ్వాంగ్‌ఝౌ రాజధానిగా ఉన్న దక్షిణ చైనా రాష్ట్రం) వాళ్లు ఆ పేరే పెడతారు. దానికి విరుగుడు లెంగ్ చా, అంటే చలవ టీ. పేరుకే టీ. సాధారణంగా ఇందులో తేయాకు ఉండదు, మూలికల కషాయం. చలవ అన్నారని చల్లగా ఇస్తారనుకోవద్దు, పాత కొట్లలో వేడివేడిగానే పోస్తారు. 2006లో చైనా దీన్ని జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక్క పూటే తీరిక ఉంటే హాంకాంగ్ చాలు. సెంట్రల్‌లో మిడ్‌లెవెల్స్ ఎస్కలేటర్ పక్కనే కాక్రేన్ స్ట్రీట్‌లో చున్ వుయ్ టాంగ్ అనే పాత మందుల కొట్టు ఉంది. ఇలాంటి కొట్లలో సొరకాయ ఆకారపు పెద్ద ఇత్తడి పాత్రలు, వాటికి కుళాయిలు, గల్లా మీద మూతలు పెట్టిన గిన్నెలు కనిపిస్తాయి. నిలబడి తాగి గిన్నె అక్కడే పెట్టి పోవాలి. గిన్నె సుమారు పది పదిహేను హాంకాంగ్ డాలర్లు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, చిన్న కొట్లలో కార్డు నడవకపోవచ్చు. మెట్రో స్టేషన్లలో కనిపించే హుంగ్ ఫుక్ టాంగ్ 1986లో మొదలైన గొలుసు దుకాణం. సీసాల్లో ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కానీ చేదు తగ్గించి తీపి పెంచిన రుచి. అలవాటు పడటానికి మంచిదే, అసలు సంగతి తెలియాలంటే మాత్రం గల్లా దగ్గర నిలబడాల్సిందే.

మొదటిసారి తాగేవాళ్లు 'ఐదు పూల టీ' అడగండి. చామంతి, హనీసకిల్ (ఒక తీగమొక్క), బూరుగు, దేవగన్నేరు పూలతో పాటు ఐదోది కొట్టును బట్టి మారుతుంది. అవును, మన చేలగట్ల మీద రాలి ఎవరూ పట్టించుకోని ఆ ఎర్ర బూరుగు పువ్వే. గ్వాంగ్‌ఝౌకి అది నగర పుష్పం. వసంతంలో రాలినవి ఏరి ఎండబెట్టుకుంటారు. రుచి తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. 'యా సెయ్ మెయ్', అంటే ఇరవైనాలుగు రుచులు, మాత్రం వేరే లెక్క. నల్లగా, నేలవేము కషాయానికి దీటైన చేదు. పేరుకు తగ్గట్టు సరిగ్గా 24 మూలికలే ఉండాలని లేదు. గుక్క తిప్పుకోకుండా తాగి, వెంటనే ఉప్పూ తీపీ కలిసిన ఎండు రేగుపండు లాంటిదో నారింజ తొక్క ముక్కో చప్పరిస్తారు. పరగడుపున తాగితే కడుపు తిప్పడం, విరేచనాలు మామూలే, కాబట్టి భోజనమయ్యాక తాగడం మేలు. రైలెక్కే ముందు అసలొద్దు.

శాకాహారులు ఒకటి చూసుకోవాలి. అవే కొట్లలో నల్లటి జెల్లీలు రెండు అమ్ముతారు, చూడ్డానికి కవలలు. 'లెంగ్ ఫన్' ఆకుతో చేసింది. 'గ్వై లింగ్ గో' సంప్రదాయంగా తాబేటి చిప్పతో చేసేది. పేరు అడిగి తీసుకోండి.

గ్వాంగ్‌ఝౌకి వెస్ట్ కౌలూన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు సుమారు గంట. హాంకాంగ్‌కి ముందస్తు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌తో 14 రోజులు ఉండొచ్చు, చైనాకి మాత్రం వీసా కావాలి. గ్వాంగ్‌ఝౌ సౌత్‌లో దిగి మెట్రో రెండో లైన్‌లో హైఝూ స్క్వేర్, అక్కడ ఆరో లైన్‌కి మారి కల్చరల్ పార్క్. ఇదే లివాన్ ప్రాంతం, పాత ఊరు. బస ఇక్కడైతేనే ప్రయోజనం. షామియన్ దీవిలో 1983లో తెరిచిన వైట్ స్వాన్ ఖరీదైనది. చుట్టుపక్కల చిన్న హోటళ్లు చవక. చిన్నవాటిలో బుక్ చేసేముందు విదేశీ పాస్‌పోర్ట్ తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. మన తిండి లేకపోతే గడవదనుకుంటే విదేశీయులు ఎక్కువగా ఉండే షియావ్‌బెయ్ పేట వైపు దిగొచ్చు, కానీ టీ కొట్ల పాతదనం అక్కడ దొరకదు. ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం, అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం వరకు ఇక్కడ కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శన; గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. టీ కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించండి. చెల్లింపులకి అలీపే అనే ఫోన్ యాప్‌లో కార్డు కలుపుకోండి, 200 యువాన్లు దాటిన ఒక్కో చెల్లింపు మీద 3 శాతం ఫీజు పడుతుంది.

పేరున్న చలవ టీ బ్రాండ్ వాంగ్ లావ్ జీ పుట్టింది ఈ ఊళ్లోనే, 1828లో. ఎర్ర డబ్బా ఎక్కడైనా దొరుకుతుంది కానీ దాని పదార్థాల జాబితాలో నీళ్ల తర్వాత వచ్చేది చక్కెర. షుగర్ ఉన్నవాళ్లకి అది కూల్‌డ్రింకే.

ఇక ఆరోగ్యం మాట. ఈ మిశ్రమాలు జబ్బు నయం చేస్తాయనడానికి గట్టి క్లినికల్ ఆధారాలు లేవు. గొంతుకి హాయిగా అనిపించడం నిజమే, అందులో వేడినీళ్ల వాటా ఎంతో విడదీయడం కష్టం. కొన్ని మిశ్రమాల్లో వేసే అతిమధురం రోజూ ఎక్కువగా తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం (పుట్టుకతో వచ్చేది, కొన్ని పదార్థాలకి ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి) ఉన్నవాళ్లు హనీసకిల్ పూలకి దూరంగా ఉండాలని హాంకాంగ్‌లో హెచ్చరిస్తారు, అంటే ఐదు పూల టీ వాళ్లకి కాదు. గర్భిణులకి, పసిపిల్లలకి ఇరవైనాలుగు రుచులు వద్దని మంచి కొట్టువాళ్లే చెబుతారు. జలుబు టీ తాగిన అరగంటకే జ్వరం దిగి మత్తు ముంచుకొస్తే అనుమానించండి. గ్వాంగ్‌డాంగ్ తనిఖీల్లో కొన్ని చిన్న కొట్ల టీలో జ్వరం మందు పారాసెటమాల్, మత్తు తెచ్చే జలుబు మందు క్లోర్ఫెనిరమైన్ బయటపడ్డాయి.

ఎండు పూలు కొనాలంటే షామియన్ ఎదురుగా చింగ్‌పింగ్ మార్కెట్. చామంతి మరీ తెల్లగా మెరుస్తూ, ముక్కుకి పుల్లగా తగిలితే గంధకం పొగ పట్టినదే, వదిలేయండి. ఊరూపేరూ లేని వేర్ల కట్టలు అసలు కొనొద్దు. గ్వాంగ్‌డాంగ్‌లో ఒక మర్రిజాతి వేరనుకుని విషపు జెల్సీమియం వండుకుని చనిపోయినవాళ్లున్నారు. కాయడానికి ఒక్కో పువ్వు పది గ్రాములు, నీళ్లు రెండు లీటర్లు, మట్టి లేదా స్టీలు గిన్నె. కడిగి అరగంట నానబెట్టి, ముందు బూరుగు పూలు సన్నసెగన ఇరవై నిమిషాలు మరిగించాలి. హనీసకిల్, చామంతి ఆఖరి పది నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే వాసన ఆవిరితో పోయి చేదు మిగులుతుంది. కలకండ దించేముందు. విమానంలో తెచ్చుకోవడానికి విడి పూలకన్నా సీలు వేసిన గ్రాన్యూల్ ప్యాకెట్లు మేలు, ఎండు మొక్కల భాగాలకి మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ నిబంధనలు అడ్డొస్తాయి.