అనిచ్కోవ్ వంతెన పక్కన ఎర్ర ప్యాలెస్: ఎలా చూడాలి, ఎక్కడ దిగాలి

సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లినవాళ్లు అనిచ్కోవ్ వంతెన మీద కంచు గుర్రాల దగ్గర ఫొటో దిగి, వెనకున్న ఎర్ర మేడ పేరైనా కనుక్కోకుండా వచ్చేస్తుంటారు. అది బెలోసెల్స్కీ-బెలోజెర్స్కీ ప్యాలెస్. చూడగానే 18వ శతాబ్దపు బరోక్ (వంపులు, శిల్పాలు, అలంకారాలు దట్టంగా ఉండే శైలి) కట్టడం అనిపిస్తుంది గానీ, ఈ రూపం 1846-48 నాటిది. రాస్ట్రెల్లీ సుమారు వందేళ్ల ముందు కట్టిన స్ట్రోగనోవ్ ప్యాలెస్‌ను ఒరవడిగా పెట్టుకుని ఆర్కిటెక్ట్ ష్టాకెన్‌ష్నైడర్ దీన్ని తీర్చాడు.

అందుకే ముందు స్ట్రోగనోవ్ చూడండి. అది నెవ్‌స్కీ వీధిలో 17వ నంబరు, ఇది 41. మధ్యలో 20 నిమిషాల నడక. అక్కడ కింది అంతస్తు సాదాగా ఉంటుంది. ఇక్కడ పై స్తంభాల బరువంతా తామే మోస్తున్నట్టు, మెడలు వంచి, కండలు బిగించి నిలబడ్డ మగ విగ్రహాలు ఉంటాయి. శిల్పి డేవిడ్ యెన్సెన్. నియో-బరోక్ అంటే ఏమిటో ఈ ఒక్క తేడాలోనే తెలిసిపోతుంది: పాతదాన్ని అనుకరిస్తూనే దాన్ని మించిపోవాలన్న తపన.

ఫొటోకు వంతెన మంచి చోటు కాదు, మరీ దగ్గర. వంతెన కింది ఫోంటాంకా ఏటి అవతలి గట్టుకు వెళ్లండి. ఏటివైపు గోడ పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాకే ఎండ పడుతుంది. నెవ్‌స్కీ వైపు గోడ చాలావరకు నీడలోనే ఉంటుంది. వంతెన దగ్గరే ఒక గుర్రం దిమ్మె మీద రెండో ప్రపంచయుద్ధకాలపు ఫిరంగి గుండు చేసిన గుంటలను పూడ్చకుండా వదిలేశారు. పక్కనే ఫలకం ఉంది, తప్పక చూడండి.

1884లో ఈ మేడ చక్రవర్తి మూడో అలెగ్జాండర్ తమ్ముడు సెర్గేయ్ చేతికొచ్చింది. ఆయన 1905లో మాస్కోలో బాంబు దాడిలో చనిపోయాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ బ్రిటిష్ వైద్యుల ఆసుపత్రి నడిచింది, సోవియట్ కాలంలో పార్టీ కార్యాలయం. లోపల చూడాలంటే గైడ్ టూర్ కన్నా కచేరీ టికెట్టే మేలని మా అభిప్రాయం. అద్దాల హాల్లో కూర్చుని తీరిగ్గా చూడొచ్చు. కోట్లు కింద అప్పగించాలి, క్యూ ఉంటుంది, కనీసం అరగంట ముందు చేరండి.

బసకు ఈ ఊళ్లోనే ఉన్న ‘మాస్కో రైల్వే స్టేషన్’ పరిసరాలు అనుకూలం, అక్కణ్నుంచి పావుగంట నడక. వసీల్యెవ్‌స్కీ దీవిలో దిగితే వేసవి రాత్రుళ్లు నెవా నది వంతెనలు ఎత్తేస్తారు, తెల్లవారేదాకా ఇవతలే చిక్కుకుపోవచ్చు. 2022 నుంచి విదేశీ బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. ఖర్చంతటికీ సరిపడా నగదు దగ్గర పెట్టుకునే బయల్దేరండి.