రెండు నెక్‌ల గిటారా, రెండు వేరు గిటార్లా?

చరణమంతా ఆరు తీగల మీద విడివిడిగా మీటి, పల్లవికి వచ్చేసరికి పన్నెండు తీగల నిండుదనం కావాలంటే ఒక నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) మీద ఆరు, రెండోదాని మీద పన్నెండు తీగలుండే రెండు నెక్‌ల అకూస్టిక్ గిటార్‌కు సాటి లేదు. రెండు చేతులూ ఒక నెక్ మీంచి రెండోదానికి జరిపితే చాలు. రెండు గిటార్లు ఉంటే, ఒకటి దించి ఇంకోటి తగిలించుకునేలోపు పాట ముందుకు వెళ్లిపోతుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే సంగతి. ఆరు తీగల నెక్ మీద ఒక్క స్వరం గట్టిగా మీటి, వెంటనే ఆ తీగను అరచేత్తో ఆపి చూడండి. ముట్టుకోని పన్నెండు తీగల్లో కొన్ని సన్నగా మోగుతూనే ఉంటాయి, సితార్‌లో తరఫ్ తీగలు పలికినట్టు. పెట్టె ఒక్కటే కాబట్టి కంపనం అటు పాకుతుంది. నెమ్మది పాటకు అది వరం. వేగంగా వాయిస్తే స్వరాలు కలగాపులగం అవుతాయి. వాడని నెక్‌కు మెత్తటి గుడ్డ చుట్టుకోవాల్సిందే.

అసలు నాదం విషయంలో నా ఓటు వేరు గిటార్లకే. మామూలు శ్రుతిలో పన్నెండు తీగల లాగుడే 100 కిలోలు దాటుతుంది. దానికి ఇంకో ఆరు తీగలు తోడైతే పైపలక కింద బలమైన పట్టీలు వేయక తప్పదు. అలా బిగిసిన పలక స్వేచ్ఛగా కంపించదు, మంద్రం పలచబడుతుంది.

బరువూ ఎక్కువే. శ్రుతి చేయాల్సినవి 18 తీగలు. పైగా పన్నెండు తీగల నెక్ సాధారణంగా పైన ఉంటుంది. కూర్చుని వాయిస్తే దాన్ని అందుకోవడానికి ఎడమ భుజం లేస్తుంది. భుజానికి పట్టీ వేసుకుని నిలబడితేనే హాయి.