రాళ్లు మెరిపించడానికి ఏ టంబ్లర్ మేలు: తిరిగేదా, వణికేదా?

బాసర దగ్గర గోదావరి ఒడ్డున ఏరుకొచ్చిన అగేట్ (ఒక రకం గట్టి రాయి) గులకరాళ్లు మా ఇంట్లో రెండు డబ్బాల నిండా ఉన్నాయి. రాళ్లను అరగదీసి మెరిపించే మిషన్‌ని టంబ్లర్ అంటారు, అందులో తిరిగేది రోటరీ, వణికేది వైబ్రేటరీ. వాటిలో ఏది మంచిదో చాలా రోజులు ఆలోచించాను.

రోటరీలో డబ్బా పడుకుని మెల్లగా తిరుగుతుంటే, లోపల రాళ్లు, గ్రిట్ (రాయిని అరగదీసే గరుకు పొడి), నీళ్లు కలిసి దొర్లుతూ అరుగుతాయి. ముతక సిలికాన్ కార్బైడ్ గ్రిట్ నుంచి చివరి పాలిష్ దాకా నాలుగు దశలు, ఒక్కో దశకు వారం చొప్పున నెల పడుతుంది, మొదటి దశ ఇంకా ఎక్కువే పట్టొచ్చు. వైబ్రేటరీలో గిన్నె వణుకుతుంది కాబట్టి పని చాలా త్వరగా అయిపోతుంది, కానీ రాయి ఆకారం పెద్దగా మారదు. గోదావరి రాళ్లు ఎలాగూ గుండ్రంగానే ఉన్నాయి కదా, వైబ్రేటరీ చాలు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయితే ఆ రాళ్లను వేలితో తడిమి చూడండి, నిండా గుంటలు, సన్న పగుళ్లు ఉంటాయి, అవి పోవాలంటే రోటరీలో ముతక గ్రిట్‌తో అరగాల్సిందే.

ఇంకో సంగతి మన ఎండలు. వైబ్రేటరీలో నీళ్లు కొంచెమే పోస్తాం, మే నెలలో అది ఇట్టే ఆరిపోతుంది, రోజుకు నాలుగైదుసార్లు చూసుకోవాలి, ఆఫీసుకి వెళ్లేవాళ్లకి అదో టెన్షన్. రోటరీ డబ్బాకి మూత బిగించేస్తాం కాబట్టి ఆ గొడవ లేదు.

అందుకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి నేను చెప్పేది రోటరీనే, అదీ రబ్బరు డబ్బాది. ప్లాస్టిక్ డబ్బా రాత్రింబవళ్లు లొడలొడమంటుంది, పక్కింటివాళ్లకి నిద్ర ఉండదు. ఒక పెద్ద డబ్బా కంటే రెండు చిన్నవి ఉన్న మోడల్ నయం. ఒకటి ముతక గ్రిట్‌కి, ఒకటి పాలిష్‌కి విడిగా ఉంచుకోవచ్చు, ఎందుకంటే పాలిష్‌లో ఒక్క ముతక రవ్వ కలిసినా నెల శ్రమంతా గీతలపాలు. డబ్బాను మూడింట రెండు వంతులకు తగ్గకుండా రాళ్లతో నింపండి, మరీ ఖాళీగా ఉంటే రాళ్లు ఎత్తు నుంచి పడి పగులుతాయి.

సిటీలో ఎక్కడ చూసినా కనిపించే గ్రానైట్ మాత్రం వేయొద్దు. అందులో క్వార్ట్జ్ గట్టిది, అభ్రకం మెత్తనిది, మెత్తనిది ముందే అరిగిపోయి రాయంతా గుంటలు పడుతుంది. రాళ్లు కడిగిన బురదనీళ్లు సింకులో పోయకండి, పైపులో సిమెంటులా గడ్డకడుతుంది. నేను ఒక బకెట్‌లో తేరనిచ్చి, పైనీళ్లు వంపేసి, అడుగున మిగిలిన బురదను కవర్లో కట్టి చెత్తలో వేస్తాను.