రాజోలు దగ్గర రెండు రాత్రులు, మాయమైన టెర్మినల్

ముందే చెప్పేస్తున్నా, గోదావరి గట్టు మీద "వైఫై, పవర్ బ్యాకప్ కలదు" అని బోర్డు ఉన్న చోట లాప్‌టాప్ పట్టుకుని దిగేవాళ్ళు రూములోకి వెళ్ళి ఫోన్‌కి నెట్ కలుస్తుందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. మేం చూడలేదు. రెండు రాత్రులకి 4,800 కట్టాం, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

నేను అకౌంట్స్ పని చేస్తా, రెండు నెలలుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నా, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో. నాలుగు రోజులు మానేస్తే మర్చిపోతానని లాప్‌టాప్ తెచ్చుకున్నా, మా ఆయనకి అదే నచ్చలేదు, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పట్నుంచీ ముభావంగానే ఉన్నారు. నర్సాపురంలో దిగి పంటు మీద సఖినేటిపల్లి దాటడం, అంతర్వేది దర్శనం, సాయంత్రం గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నడక, అన్నీ హాయిగా అయిపోయాయి.

ఆ రాత్రి రూములో వైఫై రిసెప్షన్ బల్ల దగ్గర తప్ప ఎక్కడా రాలేదు. అడిగితే "రేపొస్తదండి" అన్నాడు కుర్రాడు. సరే నెట్ లేకపోయినా ఎడిటర్ పనిచేస్తుంది కదా అని కూర్చున్నా, ఏం నొక్కానో తెలీదు, కింద ప్రోగ్రామ్ ఫలితం వచ్చే టెర్మినల్ మొత్తం పోయింది, కంగారులో ఇంకేదో నొక్కితే ఎడమ పక్క ఫైళ్ళ జాబితా కూడా పోయింది, తెల్లటి పేజీలో నా కోడ్ ఒక్కటే మిగిలింది. ఎడిటర్ పాడైపోయిందనే అనుకున్నా. మళ్ళీ దించుకోవాలంటే నెట్ కావాలి. కిందకెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన తలెత్తకుండా "స్పీడ్ నెట్ కావాలంటే కూపన్ 150" అన్నాడు, బోర్డు మీద ఉచితం అని ఉంది కదండీ అంటే "బోర్డు పాతదండి" అన్నాడు. 150 ఇచ్చా, రసీదు లేదు. పది నిమిషాలకి కరెంటు పోయింది. జనరేటర్ ఫ్యాన్‌కీ లైటుకీ మాత్రమేనట, ప్లగ్గుకి రాదట, బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ ఆరిపోయింది, సేవ్ చేయని కోడ్ పోయిందని నాకు నిజంగా ఏడుపొచ్చింది. మా ఆయన అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు ఆటోకి 300 ఇచ్చి వదిన వాళ్ళింటికి వెళ్ళాం. కొబ్బరితోట మధ్యలో ఇల్లు, అరుగు మీద గాలి, పనసపొట్టు కూర. మా మేనకోడలు బీటెక్ చదువుతోంది, లాప్‌టాప్ ఆన్ చేసి చూసి "అత్తయ్యా, మీ కోడ్ ఎక్కడికీ పోలేదు, ఇదిగో" అంది. సేవ్ చేయకపోయినా ఎడిటర్ తనంతట తనే ఒక కాపీ దాచి ఉంచుతుందట. తర్వాత కంట్రోల్ జె నొక్కింది, టెర్మినల్ వచ్చేసింది. కంట్రోల్ బి నొక్కింది, ఫైళ్ళు వచ్చేశాయి. ఏదీ పాడవలేదు, మూసుకున్నాయంతే. ఈ రెండు కీలు కొత్తవాళ్ళకి మొదటి రోజే ఎవరైనా చెప్పాలి, నాకు రెండు నెలల్లో ఏ వీడియోలోనూ చెప్పలేదు.

అక్కడే అన్నయ్యగారి కొబ్బరి లెక్కల ఫైలు తీసుకుని మొత్తం తిప్పి చూపించింది. నేను ఎప్పుడూ ఒక్క ఫైలే తెరిచేదాన్ని, అందుకే పక్కనున్న లెక్కల ఫైలు దొరకట్లేదని ఎర్రర్ వచ్చేది. ఫోల్డర్ మొత్తం తెరిస్తే టెర్మినల్ కూడా ఆ ఫోల్డర్‌లోనే మొదలవుతుంది, ఆ బాధ తీరింది. ఎడమ నిలువు పట్టీలో ఐదారు బొమ్మలుంటాయి, మొదట్లో ఫైళ్ళదీ, పురుగు బొమ్మ ఉన్న రన్ అండ్ డీబగ్‌దీ (ప్రోగ్రామ్‌ని ఆపి తప్పు వెతుక్కునేది) చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. కింద అవుట్‌పుట్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, పేరు చూసి ప్రింట్ చేసింది అక్కడొస్తుందని నేను వెతికేదాన్ని, అక్కడ రాదు, రన్ బటన్ నొక్కితే టెర్మినల్లోనే వస్తుంది. ఎర్రర్ వస్తే ముందు ఆఖరి వరస చదవాలి, పైన కనిపించే ఫైలు పేరు మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే సరిగ్గా ఆ లైనుకే తీసుకెళ్తుంది.

అసలు సంగతి, కోడ్ రాయడంలో తప్పుల్ని చూపించే ప్రాబ్లమ్స్ ప్యానెల్ దగ్గర తేలింది. బ్రాకెట్ మర్చిపోతే వెంటనే అందులో ఎర్రగా చూపిస్తుంది కాబట్టి అది ఖాళీగా ఉంటే అంతా కరెక్టే అనుకునేదాన్ని. 3,200 కాయలు, రేటు 14,000, ప్రోగ్రామ్ వేస్తే టెర్మినల్లో 4,48,00,000 వచ్చింది! ప్రాబ్లమ్స్‌లో ఒక్కటీ లేదు. అమ్మాయి ఆ లైను మీద ఎఫ్9 నొక్కి ఎర్ర చుక్క పెట్టింది, ఎఫ్5 నొక్కింది, ప్రోగ్రామ్ అక్కడ ఆగింది, ఎడమ పక్క వేరియబుల్స్‌లో కాయలెన్నో రేటెంతో కనిపించాయి. రెండూ సరిగానే ఉన్నాయి మరి తప్పెక్కడా అని చూస్తుంటే, అప్పటిదాకా పలకని మా ఆయన వెనకనుంచి "రేటు వెయ్యి కాయలకి కదా" అన్నారు. అంతే, వెయ్యితో భాగించడం మర్చిపోయా. సరిచేస్తే 44,800. అన్నయ్యగారు కాగితం మీద వేసుకున్నదీ అదే. ఆయన ఇంకో నాలుగు దింపుల లెక్కలు కూడా వేయించుకున్నారు, మా ఆయన పక్కన కూర్చుని అంకెలు చదివి పెట్టారు.

ఎడిటర్ ఉచితం, 2015లో వచ్చింది, కోడ్ రాసే చోట తెలుగు అక్షరాలు కూడా చూపిస్తుంది. ఒక్కటి మాత్రం, పైథాన్ కోసం ఎడిటర్‌కి అదనంగా కలుపుకునే ఎక్స్‌టెన్షన్ వేయడానికి నెట్ కావాలి కాబట్టి ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరండి. 14 అంగుళాల తెర అయితే టెర్మినల్‌ని కుడి పక్కకి జరపొద్దు, కోడ్‌కి చోటు మిగలదు, కిందే ఉంచండి.

వచ్చేముందు అంబాజీపేటలో పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) తిన్నాం, ఇద్దరికీ 100, ఆకు వాసనతో వేడివేడిగా, దానికోసం మళ్ళీ వెళ్తా. రూము ఖాళీ చేసేటప్పుడు కూపన్ 150 వెనక్కి అడిగా, "సిస్టమ్‌లో ఎక్కిపోయిందండి" అన్నాడు.