సాయంత్రం ట్యూషన్ మానలేకపోతే ఈ బడి వద్దు

మంగళగిరి దగ్గర పొలాల్లో నడుస్తున్న ఈ స్వేచ్ఛా బడి గురించి విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు ముందుగా అడిగేది, పీరియడ్లు లేకపోతే పిల్లలు రోజంతా ఏం చేస్తారని. ఆడతారు, గొడవ పడతారు, వండుతారు, చదువుతారు, కొన్నాళ్లు ఏమీ చెయ్యరు. ఐదేళ్ల వాళ్ల నుంచి పదహారేళ్ల వాళ్ల దాకా కలిసే ఉంటారు. పాఠం కావాలనుకున్నవాళ్లు బోర్డు మీద రాసి, చెప్పేవాళ్లని అడిగి కుదుర్చుకోవాలి.

ఏ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టిన, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్న సమ్మర్‌హిల్ బడి, అమెరికాలో 1968 నుంచి నడుస్తున్న సడ్బరీ వ్యాలీ బడి ఈ బడికి ఆదర్శం. అక్కడిలాగే ఇక్కడ ప్రతి శుక్రవారం జరిగే సమావేశంలోనూ ఆరేళ్ల పిల్లకి ఎంత ఓటో, బడి నడిపే మేడం గారికీ అంతే.

అన్నిటికన్నా బాగున్నది ఆ శుక్రవారం సమావేశమే. అధ్యక్షత పిల్లలదే. అందులో పెట్టే ఫిర్యాదు కాగితంలో ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, ఎవరు చూశారు అన్నీ ఉండాలి. రాయడం రాని చిన్నవాళ్లకి పెద్ద పిల్లలు రాసిపెడతారు. క్యారమ్స్ స్ట్రైకర్ పోయిందన్న ఫిర్యాదు మీద చాలాసేపు వాదించుకుని, తీసుకున్నవాళ్లు రిజిస్టర్‌లో పేరు రాయాలని రూల్ పెట్టుకున్నారు. అప్పటిదాకా అక్షరాల జోలికి పోని పిల్లలు స్ట్రైకర్ కోసం పేరు రాయడం నేర్చుకున్నారు.

వంటగదిలో లెక్కలూ అంతే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మనిషికి గిద్దెన్నర బియ్యం చొప్పున 32 మందికి మూడు మానికలు. తప్పు లెక్కేస్తే ఆ మధ్యాహ్నం చివరి బంతికి అన్నం చాలదు, మర్నాడు ఎవరూ చెప్పకుండానే మళ్లీ కొలుస్తారు.

ఇబ్బంది ఎక్కువగా ఇంటి దగ్గర మొదలవుతుంది. ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ నుంచి వచ్చిన పిల్లలు కొన్ని నెలల పాటు ఏ పనీ ముట్టుకోరు. ఎవరో చెబితే తప్ప కదలని అలవాటు వదలడానికి అంత టైము పడుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో భయపడి సాయంత్రం ట్యూషన్ పెట్టేస్తారు. దాంతో అసలు చదువు ట్యూషన్‌లోనే, బడి ఉన్నది కాలక్షేపానికి అని పిల్లలకి అర్థమైపోతుంది. ఇక వాళ్లు ఇక్కడ ఏదీ మనసుపెట్టి చెయ్యరు. కట్టిన ఫీజు వృథా.

లోపాలూ ఉన్నాయి. లైబ్రరీలో తెలుగు పుస్తకాలు మరీ తక్కువ. దానివల్ల తెలుగులో గలగలా మాట్లాడే పిల్లలు కూడా చదవడానికి ఇంగ్లీషు బొమ్మల పుస్తకమే తీస్తున్నారు. స్వేచ్ఛ పేరు చెప్పి దీన్ని వదిలెయ్యకూడదు. ఎదురుగా లేని పుస్తకాన్ని పిల్లలు ఎలా ఎంచుకుంటారు? రేకుల షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నాలు కూర్చోలేరు. బస్సు లేదు, ఆటో మాట్లాడుకోవాలి.

పదో తరగతి ఇక్కడ ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా రాయిస్తారు. 14 ఏళ్లు నిండాలి, 5 సబ్జెక్టులు, పాస్‌కి 33 శాతం. 20 శాతం మార్కులు టీఎంఏలకి, అంటే ఇంట్లో రాసి ఇస్తే ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్లకి. గడువు దాటిపోతే ఆ మార్కులు పోయినట్టే కాబట్టి ఆ తేదీలు ఇంట్లో కూడా రాసి పెట్టుకోండి. ఇంటర్లో ఎంపీసీ ఆలోచన ఉంటే లెక్కలు, సైన్సు వదలకుండా చూడండి. ఈ సంగతి పిల్లలకి పదమూడో ఏటే విడమరిచి చెప్పాలి, నిర్ణయం మాత్రం వాళ్లకే వదలాలి.

చేర్చేముందు గుర్తింపు కాగితం చూపించమని అడగండి. విద్యా హక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. ఒకవేళ మధ్యలో మానిపించాల్సి వస్తే 14 ఏళ్ల లోపు పిల్లల్ని అదే చట్టం 4వ సెక్షన్ కింద వయసుకి తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలో చేర్చవచ్చు. పిల్లల్ని వారం రోజులు ట్రయల్‌కి పంపి చూడమంటారు. ఆ వారంలో శుక్రవారం ఉండేలా చూసుకోండి, ఆ సమావేశానికి మీరూ వెళ్లి వెనక కూర్చోండి.